కంపైలర్ దాటాక కెర్నల్‌లో ఏం మిగిలింది?

(శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను కూడా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఎచ్చెర్ల నుంచి, పొందూరు నుంచి, ఆమదాలవలస నుంచి ఇంత ఎండలో బస్సెక్కి వచ్చారు. సోది చెప్పకుండా నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను. ఇవాళ మాట్లాడేది ఆబ్జ్‌టూల్ గురించి. మనం రాసిన సోర్స్‌ను కంపైలర్ మెషీన్ కోడ్‌గా మార్చాక, ఆ కోడ్‌ను చదివి తనిఖీ చేసే ప్రోగ్రాం అది.

తెర మీద ఉన్న ఈ చిన్న సీ ఫంక్షన్ చూడండి. 2009 నాటి లినక్స్ కెర్నల్‌లోది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులోది. టన్ అని ఒక డ్రైవర్ ఉంది, వీపీఎన్‌లు దాన్ని బాగా వాడతాయి. అందులో పోల్ చేసే ఫంక్షన్ ఇది. మొదట్లోనే టన్ అనే పాయింటర్ లోపలికి వెళ్ళి సాకెట్ పాయింటర్‌ను తీసుకుంటోంది. రెండు మూడు లైన్లు కిందకి రండి: టన్ నల్ అయితే, అంటే దేన్నీ చూపించని ఖాళీ పాయింటర్ అయితే, ఎర్రర్ ఇచ్చి తిరిగి వెళ్ళిపో అని రాసి ఉంది. చెక్ ఉంది కదా? అందరికీ కనిపిస్తోంది కదా? రివ్యూ చేసినవాళ్ళకూ కనిపించింది.

ఇప్పుడు దీన్నే జీసీసీ అనే కంపైలర్ ఎలా చదివిందో చూద్దాం. పాయింటర్‌ను ముందే వాడేశారు. నల్ పాయింటర్‌ను అలా వాడితే ఏం జరుగుతుందో సీ భాష చెప్పదు, దానికి హద్దూ అదుపూ లేదని వదిలేసింది. కాబట్టి ఈ ప్రోగ్రాం సరైనదే అనుకుంటే, ఇక్కడికి వచ్చేసరికి టన్ నల్ అయ్యే అవకాశమే లేదు. అవకాశం లేని దానికి చెక్ ఎందుకు? తీసేసింది. నియమాల ప్రకారం చూస్తే కంపైలర్ తప్పేమీ చెయ్యలేదు. కానీ మెషీన్ కోడ్‌లో ఆ చెక్ లేదు. మామూలు ప్రోగ్రాం అయితే సున్నా అడ్రస్‌ను తాకగానే పడిపోయేది, అంతటితో సరి. కెర్నల్ సంగతి వేరు. దాడి చేసేవాడు తన ప్రాసెస్‌లో సున్నా అడ్రస్ దగ్గర ముందే ఒక పేజీ పెట్టుకుని కూర్చుంటే, కెర్నల్ పడిపోదు, వాడు పెట్టిన డేటానే చదువుకుంటూ ముందుకు పోతుంది. అదే ఏడాది జూలైలో బ్రాడ్ స్పెంగ్లర్ ఈ దారిలో రూట్ అధికారం, అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం, సంపాదించి చూపించాడు. ఆ తర్వాత ఆ లైన్ల వరుస మార్చారు. నల్ చెక్‌లను తీసెయ్యొద్దని కంపైలర్‌కు చెప్పే ఫ్లాగ్ కూడా కెర్నల్ బిల్డ్‌లోకి వచ్చింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఉదాహరణలోనే ఉంది. మనుషులు చదివింది ఒకటి, ప్రాసెసర్ నడిపింది ఇంకొకటి. మన పొందూరులో ఖద్దరు కొనేవాళ్ళు నూలు ఎంత సన్నదో, ఎవరు వడికారో అన్నీ వింటారు. డబ్బులిచ్చే ముందు మాత్రం గుడ్డ విప్పి వెలుతురుకు పట్టి చూసుకుంటారు. కెర్నల్ విషయంలో ఆ గుడ్డను చూసే పని, అంటే కంపైల్ అయిపోయాక వచ్చిన బైట్లను నడపకుండానే చదివి తనిఖీ చేసే పని, 2016 దాకా లినక్స్ బిల్డ్‌లో దాదాపు లేదనే చెప్పాలి. ఆ ఏడాది 4.6 వెర్షన్‌లో ఆబ్జ్‌టూల్ చేరింది. రాసినవాడు జాష్ పాయింబోఫ్. ఇప్పుడు ఎక్స్‌86 మీద, అంటే ఇంటెల్, ఏఎండీ రకం ప్రాసెసర్లకు, కెర్నల్ బిల్డ్ చేస్తే మీకు తెలియకుండానే అది నడుస్తుంది. నా లెక్కలో కెర్నల్ సోర్స్‌లో అందరూ వాడుతూ ఎవరూ పట్టించుకోని ప్రోగ్రాం ఏదైనా ఉందంటే అది ఇదే.

అసలు ఇది ఏ అవసరం కొద్దీ పుట్టింది? స్టాక్ గురించి.

ఫస్టియర్ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, పని అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ అడ్రస్‌ను ప్రాసెసర్ స్టాక్ మీద పెడుతుంది. ఎనిమిది బైట్లు. అలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కెర్నల్ ఎక్కడైనా దెబ్బతింటే ఆ వరుసను కిందికి చదువుకుంటూ వెళ్ళి, ఎవరు ఎవర్ని పిలిచారో ప్రింట్ చేస్తుంది. దాన్నే స్టాక్ ట్రేస్ అంటాం. బగ్ రిపోర్ట్ పంపినప్పుడు ముందుగా అడిగేది అదే.

అయితే స్టాక్ మీద రిటర్న్ అడ్రస్‌లు ఒక్కటే ఉండవు. లోకల్ వేరియబుల్స్ ఉంటాయి, దాచుకున్న రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గూళ్ళలోని విలువలు, ఉంటాయి. వీటిలో ఏది అడ్రస్, ఏది మామూలు అంకె? పాత పద్ధతిలో ప్రతి ఫంక్షన్ మొదట్లో ఆర్‌బీపీ రిజిస్టర్‌ను స్టాక్ మీద దాచి, స్టాక్ పాయింటర్‌ను దానిలోకి కాపీ చేసేవారు. బైట్లలో చూస్తే 55, ఆ వెంటనే 48 89 ఈ5. ఏ డిస్అసెంబ్లీ (బైట్లను ఇన్‌స్ట్రక్షన్లుగా విప్పి చూపించే జాబితా) తెరిచినా ఈ నాలుగు బైట్లు కనబడుతూనే ఉంటాయి. కంపైలర్ రాసిన ఫంక్షన్లలో ఇది క్రమం తప్పదు. చేత్తో రాసిన అసెంబ్లీలో? ఎవరి ఇష్టం వారిది. ఒక్కరు మర్చిపోయినా గొలుసు అక్కడ తెగి, ట్రేస్‌లో ఒక ఫంక్షన్ మాయమైపోతుంది.

ట్రేస్‌లో ఒక పేరు తగ్గితే ఏమవుతుందిలే అనుకోవచ్చు. 2015 దాకా చాలామంది అలాగే అనుకున్నారు. ఆ ఏడాది 4.0లో లైవ్ ప్యాచింగ్ వచ్చింది. కెర్నల్ నడుస్తుండగానే, రీబూట్ లేకుండా, తప్పున్న ఫంక్షన్ స్థానంలో కొత్తది పెట్టడం. ఈ జిల్లావాళ్ళకు దీని అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి, ఏ కంట్రోల్ రూమ్‌లోనైనా సర్వర్‌కు సెక్యూరిటీ ప్యాచ్ వచ్చింది, ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం అంటే ఎవరు ఒప్పుకుంటారు? ప్యాచ్ వెయ్యాలి, సర్వర్ ఆగకూడదు.

చిక్కెక్కడంటే, మీరు మార్చబోయే ఫంక్షన్ మధ్యలోనే ఏదో ఒక టాస్క్ నిద్రపోతూ ఉండొచ్చు. అది లేచేసరికి లోకం మారిపోయి ఉంటుంది. సగం పాత కోడ్, సగం కొత్త కోడ్. అందుకని 2017లో 4.12 వెర్షన్‌లో వచ్చిన పద్ధతి ప్రకారం, ఒక టాస్క్‌ను కొత్త కోడ్‌లోకి మార్చే ముందు దాని స్టాక్ చదివి, ఆ ఫంక్షన్ అందులో లేదని నిర్ధారించుకోవాలి. ఇక్కడ ట్రేస్‌లో ఒక్క పేరు తప్పిపోయినా కెర్నల్ పాడవుతుంది. అంతవరకు డీబగ్గింగ్‌కు పనికొచ్చే సమాచారం అనుకున్నది ఒక్కసారిగా కెర్నల్ నడవడానికే ఆధారమైంది. అంత బరువు మోయాలంటే స్టాక్ సమాచారం సుమారుగా ఉంటే చాలదు, ప్రతి ఫంక్షన్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరా కచ్చితంగా ఉండాలి.

సరే, ఇంత పెద్ద కెర్నల్‌లో, కోట్ల లైన్ల సోర్స్ నుంచి వచ్చిన బైట్లలో, అది ఉందని ఎలా తేలుస్తారు? ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఈ ప్రసంగం మొత్తానికి నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

సిలబస్‌లో మీరు చదివే ఉంటారు. ఒక ప్రోగ్రాం ఆగుతుందా లేదా అన్నది ఏ ప్రోగ్రామూ ప్రతిసారీ తేల్చలేదని 1936లో ట్యూరింగ్ చెప్పాడు. ప్రోగ్రాం ప్రవర్తన గురించి అడిగే ఏ ముఖ్యమైన ప్రశ్నకైనా అదే గతి అని 1953లో రైస్ చూపించాడు. పరీక్షలో రాసి వదిలేసే సిద్ధాంతాలు కావివి. బైనరీ తనిఖీ చేసే టూల్ రాయబోతే మొదటి రోజే ఎదురొస్తాయి.

ఆబ్జ్‌టూల్ చేసిన పని ఏమిటంటే, పెద్ద ప్రశ్న జోలికి పోలేదు. ఈ కోడ్ సరైనదేనా అని అడగదు. వేరియబుల్స్‌లో ఏ విలువలున్నాయో పట్టించుకోదు. అడిగేది ఇంతే: ఈ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరికి ఏ దారిన వచ్చినా స్టాక్ ఒకే ఆకారంలో ఉందా?

ఒక ఫంక్షన్ తీసుకుందాం. లోపలికి అడుగుపెట్టగానే స్టాక్ పాయింటర్ దగ్గర రిటర్న్ అడ్రస్ ఉంది. ఫ్రేమ్ (స్టాక్‌లో ఈ ఫంక్షన్ వాటా) మొదలు అక్కడికి 8 బైట్ల దూరం. 8 అని రాసుకోండి. మొదటి బైటు 53, అంటే ఆర్‌బీఎక్స్ రిజిస్టర్‌ను పుష్ చెయ్యడం, స్టాక్ మీద పెట్టడం. ఇప్పుడు దూరం 16. తర్వాత 48 83 ఈసీ 20, అంటే స్టాక్ పాయింటర్‌లోంచి 32 తీసెయ్యడం. ఇప్పుడు 48. ఇక్కడ ఒక కండిషనల్ జంప్ ఉంది. ఆబ్జ్‌టూల్ రెండు వైపులా వెళ్తుంది. షరతు నిజమా అబద్ధమా అన్న విచారం దానికి లేదు. నేరుగా వెళ్ళే దారిలో 32 కలిపారు, 16 అయింది. ఆర్‌బీఎక్స్ పాప్ చేశారు, అంటే స్టాక్ మీంచి వెనక్కి తీసుకున్నారు, 8 అయింది. సీ3, రిటర్న్. వచ్చినప్పుడు 8, వెళ్ళేటప్పుడు 8. బాగానే ఉంది. రెండో దారి ఎర్రర్ దారి. అందులో 32 కలిపారు, ఆర్‌బీఎక్స్ పాప్ చెయ్యడం మరిచి సరిగ్గా అదే సీ3 మీదకు దూకారు. 16తో వచ్చారు. ఇందాక ఇదే ఇన్‌స్ట్రక్షన్‌కు 8తో వచ్చాం, ఇప్పుడు 16. అక్కడే ఆబ్జ్‌టూల్ పట్టుకుని స్టాక్ స్టేట్ మిస్‌మ్యాచ్ అంటుంది, ఫంక్షన్ పేరు, ఆఫ్‌సెట్‌తో సహా.

ఇది నడిచే కోడ్‌లో జరిగితే? ప్రాసెసర్ ఆర్‌బీఎక్స్‌లో దాచుకున్న ఏదో అంకెను రిటర్న్ అడ్రస్ అనుకుని దాని మీదకు దూకుతుంది. అదీ మెమరీ అయిపోయినప్పుడో, డిస్క్ చెడిపోయినప్పుడో మాత్రమే నడిచే ఎర్రర్ దారిలో. మీరు వెయ్యి సార్లు టెస్ట్ చేసినా ఆ దారి తొక్కకపోవచ్చు. నడపకుండా చదవడంలో ఉన్న బలమంతా ఇక్కడే ఉంది. టెస్ట్ జరిగిన దారుల గురించే చెబుతుంది, ఇది ఎవరూ నడవని దారులకు కూడా వెళ్ళొస్తుంది.

(సభలోంచి ఒక విద్యార్థిని: సర్, మధ్యలో లూప్ ఉంటే? అది తిరుగుతూనే ఉంటుంది కదా?)

తిరగదమ్మా, చెప్తాను చూడు. లూప్ చివర్నుంచి వెనక్కి దూకి మళ్ళీ పాత ఇన్‌స్ట్రక్షన్ దగ్గరికే వచ్చింది. అక్కడ ఇంతకుముందు రాసుకున్న దూరం, ఇప్పుడు తెచ్చిన దూరం ఒకటేనా? ఒకటే అయితే ముందున్నదంతా ఇప్పటికే చూసేశాం, ఆ దారి అక్కడితో వదిలెయ్యొచ్చు. వేరైతే వార్నింగ్. రెండింట్లో ఏదైనా ఆగిపోవడమే. కాబట్టి ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ దాదాపు ఒక్కసారే చూస్తుంది. వంద కండిషన్లు ఉంటే దారులు లెక్కకు అందనన్ని అవుతాయి, పని మాత్రం ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యను బట్టే పెరుగుతుంది. అందుకే ప్రతి డెవలపర్ మెషీన్‌లో, ప్రతి బిల్డ్‌లో పెట్టగలిగారు.

ఇంకో మాట కూడా ఉంది. లూప్‌లో ఒక్కో చుట్టుకూ ఒక్కో పుష్ చేసి, తర్వాత అన్నీ పాప్ చేసే కోడ్ రాస్తే అది నిజానికి సరిగ్గానే నడవొచ్చు. ఆబ్జ్‌టూల్ ఒప్పుకోదు. నువ్వు రాసింది సరైనదే కావొచ్చు, కానీ నేను తేల్చలేను కాబట్టి అలా రాయొద్దు అంటుంది. కెర్నల్‌వాళ్ళు ఆ మాటకు కట్టుబడ్డారు. పాత అసెంబ్లీ ఫైళ్ళు తిరగరాశారు, ఫంక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తులు పెట్టారు. రైస్ సిద్ధాంతం ఎక్కడికీ పోలేదు. ఏ ప్రోగ్రామైనా ఇవ్వండి తేలుస్తాను అనే టూల్ కోసం చూడకుండా, టూల్ తేల్చగలిగేలా ప్రోగ్రాం రాయడానికి మనుషులు ఒప్పుకున్నారు. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం నేను చూడలేదు.

ఈ లెక్కలన్నీ ఎలాగూ చేస్తోంది కదా, పారెయ్యడం ఎందుకని 2017లో 4.14లో ఆర్క్ అనే పద్ధతి తెచ్చారు. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఫ్రేమ్ ఎంత దూరంలో ఉందో ఆబ్జ్‌టూలే ఒక పట్టికగా రాసిపెడుతుంది. ఒక్కో ఎంట్రీ 6 బైట్లు, అది ఏ అడ్రస్‌కు చెందిందో చెప్పడానికి ఇంకో 4. దీంతో ప్రతి ఫంక్షన్‌లో ఆ 55, 48 89 ఈ5 పెట్టే అవసరం పోయింది. అవి ఉంటే కెర్నల్ కోడ్ సుమారు 3.2 శాతం పెరుగుతుందని, కొన్ని రకాల పనుల్లో వేగం 5 నుంచి 10 శాతం తగ్గుతోందని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. బదులుగా పట్టికలకు 2 నుంచి 4 ఎంబీ మెమరీ పోతుంది. సర్వర్‌కు అది ఒక లెక్క కాదు.

బైట్లు చదవడం వినడానికి తేలిక. ఎక్స్‌86లో ఇన్‌స్ట్రక్షన్ పొడవు 1 నుంచి 15 బైట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఒక బైటు అటూ ఇటూ అయితే మొత్తం అర్థమే మారిపోతుంది. అదైనా నయం, డీకోడర్ సరిగ్గా రాస్తే తీరిపోతుంది. అంతకంటే కష్టమైనది, బైట్లలో లేని సమాచారం.

0ఎఫ్ 0బి అనే రెండు బైట్లు చూడండి. యూడీ2 అంటారు. కావాలని తప్పు ఇన్‌స్ట్రక్షన్‌గా పెట్టారు, ప్రాసెసర్ అక్కడ ఎక్సెప్షన్ ఇస్తుంది. కెర్నల్‌లో బగ్ అనే మాక్రో (కంపైల్‌కు ముందు కోడ్‌గా విచ్చుకునే పేరు) దీన్నే వాడుతుంది, అక్కడితో కథ ముగిసింది, ముందుకు వెళ్ళేది లేదని. వార్న్ అనే మాక్రో కూడా ఇవే రెండు బైట్లు వాడుతుంది. కానీ దాని ఎక్సెప్షన్ హ్యాండ్లర్ మెసేజ్ ప్రింట్ చేసి, ఆ రెండు బైట్లు దాటించి, కోడ్‌ను ముందుకు నడిపిస్తుంది. బైట్లు అవే, ఒకచోట దారి ముగిసింది, ఒకచోట సాగుతోంది. ఎంత తెలివైన టూల్ అయినా బైట్లను చూసి ఇది తేల్చలేదు. అందుకని వార్న్ దగ్గర ఇది దాటి వెళ్ళొచ్చు అని ఒక గుర్తును వేరే సెక్షన్‌లో రాసిపెడతారు.

కెర్నల్ ఇక నడవలేనప్పుడు పిలిచే పానిక్ లాంటి ఫంక్షన్లదీ అదే గొడవ. పిలిస్తే తిరిగి రావని తెలుసు కాబట్టి కంపైలర్ ఆ కాల్ తర్వాత ఏమీ రాయదు. తర్వాతి బైటు వేరే ఫంక్షన్‌దే కావొచ్చు. ఆబ్జ్‌టూల్‌కు ఆ సంగతి తెలియకపోతే ఈ ఫంక్షన్ తర్వాతి ఫంక్షన్‌లోకి జారిపోతోంది అని అరుస్తుంది. అలా తిరిగి రాని గ్లోబల్ ఫంక్షన్ల పేర్లు ఒక ఫైల్‌లో చేత్తో రాసి ఉంచారు. అందంగా ఉండదు, కానీ పని నడుస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఫంక్షన్ జారిపోతోంది అనే ఈ మెసేజ్ వస్తే చాలామంది టూల్‌కు తెలియక అరుస్తోంది, పట్టించుకోనక్కర్లేదు అనుకుంటారు. పానిక్ లాంటిది దగ్గర్లో లేకపోతే అలా అనుకోవద్దు. సోర్స్‌లో ఒక దారి సున్నాతో భాగించేదాకా తప్పకుండా వెళ్తుందని క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌కు తెలిసిందనుకోండి. ఆ దారి చెల్లనిది కాబట్టి దానికి కోడ్ రాయడం అక్కడితో ఆపేస్తుంది. రిటర్న్ ఉండదు, జంప్ ఉండదు. ప్రాసెసర్ నిజంగానే పక్క ఫంక్షన్‌లోకి నడిచి వెళ్ళిపోతుంది. టన్ డ్రైవర్‌లో జరిగింది కూడా ఈ జాతి పనే. ఆ వార్నింగ్ వెంట పడి వెళ్తే సోర్స్‌లోనే తప్పు దొరుకుతుంది.

(ఒక అధ్యాపకుడు: కంపైలరే దొంగ అయితే? ఆబ్జ్‌టూల్‌ను కూడా అదే కంపైలర్‌తో కదా కడతాం?)

నిజమే మాష్టారూ. 1983 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్ చెప్పింది ఇదే, సోర్స్‌లో ఎక్కడా కనపడని దొంగతలుపును కంపైలర్ తనంతట తాను పెట్టగలదని. ఆబ్జ్‌టూల్ దానికి మందు కాదు. ఇది నిజాయితీగా పనిచేసే కంపైలర్‌కు, నిజాయితీగా రాసే మనుషులకు మధ్య మాట పొంతన కుదరనిచోట పట్టుకునే టూల్. దొంగ కంపైలర్ సమస్యకు దారులు వేరే ఉన్నాయి, ఒకే సోర్స్‌ను వేర్వేరు కంపైలర్లతో కట్టి పోల్చడం లాంటివి.

ఇప్పుడు స్టాక్‌ను దాటి వద్దాం. దారులన్నీ తిరిగే యంత్రం ఒకటి చేతికొచ్చాక, దాన్ని వేరే ప్రశ్నలకు కూడా వాడొచ్చని పీటర్ జైల్‌స్ట్రా చూశాడు. 2019లో 5.2 వెర్షన్‌లో వచ్చిన తనిఖీ నాకు వీటన్నింటిలోకీ గొప్పగా అనిపిస్తుంది.

ఇంటెల్ ప్రాసెసర్లలో స్మాప్ అని ఒక రక్షణ ఉంది. మామూలుగా కెర్నల్ యూజర్ మెమరీని తాకితే ప్రాసెసర్ ఒప్పుకోదు. తాకాల్సి వచ్చినప్పుడు కెర్నల్ స్టాక్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో (మనం మాట్లాడుతున్న స్టాక్ కాదు, దాని బైట్లు 0ఎఫ్ 01 సీబీ) ఒక ఫ్లాగ్ పెట్టి తలుపు తెరుస్తుంది, పని కాగానే 0ఎఫ్ 01 సీఏతో మూసేస్తుంది. తలుపు తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలో వేరే ఏ ఫంక్షన్‌నూ పిలవకూడదు అనేది నియమం. ఎందుకంటే ఆ ఫంక్షన్ ఎక్కడో లోపల ఇంకో టాస్క్‌కు మారిపోయిందనుకోండి, తెరిచిన తలుపు అలాగే ఆ టాస్క్‌కు వెళ్ళిపోతుంది.

సోర్స్ చూసి ఈ నియమం పాటించారో లేదో చెప్పగలమా? యూజర్ మెమరీలోకి రాసే మాక్రోకు ఆర్గ్యుమెంట్‌గా ఎవరో ఒక చిన్న ఫంక్షన్ కాల్ ఇచ్చారు. చూడ్డానికి మామూలు లైన్. మాక్రో విచ్చుకున్నాక ఆ కాల్ తలుపు తెరిచాక జరుగుతోంది. ఇదైనా ఓపిగ్గా చూస్తే కనిపిస్తుంది. మెమరీ తప్పులు పట్టే కేసాన్ ఆప్షన్ ఆన్ చేసి బిల్డ్ చేస్తే? ప్రతి మెమరీ యాక్సెస్ ముందూ కంపైలరే తన తరఫున ఒక చెక్ ఫంక్షన్‌కు కాల్ పెడుతుంది. ఆ కాల్ సోర్స్‌లో ఏ మూలా లేదు. ఎంతటి అనుభవం ఉన్న రివ్యూయర్ అయినా లేనిదాన్ని చూడలేడు కదా. మెషీన్ కోడ్ చదివే టూల్‌కు మాత్రం కాల్ అంటే కాలే, ఎవరు పెట్టినా. 8, 16, 48 అని దూరాలు మోసుకెళ్ళినట్టే, తలుపు తెరిచిందా మూసిందా అనే ఒక్క బిట్‌ను కూడా దారి వెంట మోసుకెళ్తుంది. తెరిచి ఉండగా అనుమతి జాబితాలో లేని కాల్ వస్తే వార్నింగ్, తెరిచి ఉండగా రిటర్న్ వస్తే వార్నింగ్. అంతే.

2020లో 5.8లో వచ్చిన నో-ఇన్‌స్ట్రుమెంటేషన్ తనిఖీ కూడా ఈ కోవలోదే. సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌లో అడుగుపెట్టిన మొదటి క్షణాల్లో ఇంకా ఏదీ సర్దుకుని ఉండదు, అక్కడ ట్రేసర్లు (నడిచే కోడ్‌ను గమనించే టూల్స్) తగిలించకూడదు. ఆ ఫంక్షన్లను వేరే సెక్షన్‌లో పెడతారు, అక్కడి నుంచి బయటకు కాల్ వెళ్తే ఆబ్జ్‌టూల్ చెబుతుంది. ఒక బుల్లి ఇన్‌లైన్ ఫంక్షన్‌ను (కాల్ లేకుండా పిలిచిన చోటే కోడ్‌ను కలిపేసేది) కంపైలర్ ఈసారి ఇన్‌లైన్ చెయ్యకూడదని నిర్ణయించుకుంటే చాలు, దాని కాపీ మామూలు సెక్షన్‌లో పడి నియమం తప్పుతుంది. నిన్నటి కంపైలర్ వెర్షన్‌తో లేని వార్నింగ్ ఇవాళ రావడానికి కారణం చాలాసార్లు ఇదే. దానికి మందు, తప్పనిసరిగా ఇన్‌లైన్ చెయ్యి అని రాయడం.

2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక కెర్నల్‌లో ఇన్‌డైరెక్ట్ కాల్స్ (ఎక్కడికి వెళ్ళాలో నడిచేటప్పుడే తేలే కాల్స్) అన్నీ రెట్‌పోలిన్ అనే రక్షణ కోడ్ గుండానే వెళ్ళాలన్నారు. ఒక్కటి మిగిలినా కన్నమే. ఎక్కడైనా మిగిలిందా అని వెతికే పని ఆబ్జ్‌టూల్‌కే ఇచ్చారు. 2022 జూలైలో రెట్‌బ్లీడ్ అనే అలాంటి ఇంకో లోపం వచ్చినప్పుడు కూడా, యూజర్ నుంచి లోపలికి వచ్చాక రక్షణ కోడ్ నడవకముందే ఏ దారిలోనైనా రిటర్న్ తగులుతోందా అని చూడడం దాని వంతే అయింది.

(ఒక విద్యార్థి: ఇన్ని చేస్తే కెర్నల్‌లో బగ్గులు లేవని నమ్మొచ్చా సర్?)

లేదు నాయనా. లాక్ సరిగ్గా తీసుకున్నారా, ఫ్రీ చేసిన మెమరీని మళ్ళీ వాడారా, ఇవేవీ దీని పరిధిలోకి రావు. మెషీన్ కోడ్ దాకా గణితపరంగా నిరూపించిన కెర్నల్ ఉంది, ఎస్ఈఎల్4. దానికి 2009లో సీ కోడ్ స్థాయిలో నిరూపణ పూర్తయింది. 2013లో కంపైల్ అయిన బైనరీ కూడా ఆ సీ కోడ్‌కు సరిపోతుందని నిరూపించే పని జరిగింది. కంపైలర్‌ను నమ్మక్కర్లేకుండా చేశారు. అయితే 2009 నాటికి దాని సీ కోడ్ 8,700 లైన్లు. లినక్స్‌కు ఆ పద్ధతి పట్టదు. లినక్స్‌లోనే ఈబీపీఎఫ్ వెరిఫయర్ అని ఇంకొకటి ఉంది, అది యూజర్లు ఇచ్చిన బైట్‌కోడ్‌ను లోడ్ చేసే ముందు విలువలతో సహా తనిఖీ చేస్తుంది. బయటివాడి కోడ్ కాబట్టి అంత అనుమానం అవసరం. ఆబ్జ్‌టూల్ మన ఇంటి కోడ్‌నే చూస్తుంది, అడిగేవి నాలుగైదు ప్రశ్నలే, కానీ ఆ ప్రశ్నలను ఏ ఫంక్షన్‌నూ వదలకుండా అడుగుతుంది. నన్ను అడిగితే, ఏడాదికోసారి నడిపే పెద్ద టూల్ కంటే ప్రతి బిల్డ్‌లో నడిచే ఈ చిన్న టూల్‌నే కోరుకుంటాను.

ఇంకో సంగతి. ఈ పనంతా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో పెద్ద ఆఫీసుల్లో కూర్చుంటేనే చెయ్యగలమని మీలో చాలామందికి ఉంది, నాకు తెలుసు. సోర్స్ మొత్తం అందరికీ తెరిచే ఉంది. ప్యాచ్‌లు మెయిల్‌లో వెళ్తాయి, మెయిల్‌లో తిరిగొస్తాయి. పంపినవాడు నాగావళి ఒడ్డున ఉన్నాడా ఇంకెక్కడ ఉన్నాడా అని ఎవరూ అడగరు. ప్యాచ్ బాగుందా లేదా అనే అడుగుతారు. మొహమాటం లేకుండా అడుగుతారు, దానికి సిద్ధపడండి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో చెయ్యాల్సింది చెప్పి ఆపేస్తాను. జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్‌తో పాటు లిబ్‌ఎల్ఫ్ (ఆబ్జెక్ట్ ఫైళ్ళు చదివే లైబ్రరీ) డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉండాలి, అది లేకపోతే ఆబ్జ్‌టూల్ కట్టబడదు. డిఫాల్ట్ కాన్ఫిగరేషన్ తీసుకుని ఐబీటీ (ఇన్‌డైరెక్ట్ జంప్‌లను కట్టడి చేసే రక్షణ) ఆప్షన్ ఆఫ్ చెయ్యండి. అది ఆన్‌లో ఉంటే చాలా వెర్షన్లలో ఆబ్జ్‌టూల్ ఒక్కో ఫైల్‌ను కాకుండా చివర్లో కెర్నల్ మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది, మీరు గంటలు కూర్చోవాలి. ఆఫ్ చేస్తే ఒక్క ఆబ్జెక్ట్ ఫైల్ పేరు ఇచ్చి మేక్ కొడితే చాలు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా అవుతుంది. తర్వాత ఎక్స్‌86 ఫోల్డర్‌లో ఒక చిన్న అసెంబ్లీ ఫంక్షన్ రాయండి. ఇందాక చెప్పినట్టు ఆర్‌బీఎక్స్ పుష్ చేసి, ఒక ఎర్రర్ దారిలో మాత్రం పాప్ వదిలెయ్యండి. మేక్ కొట్టండి. వచ్చిన వార్నింగ్‌లో ఉన్న ఆఫ్‌సెట్‌ను కాగితం మీద రాసుకుని, డిస్అసెంబ్లీలో ఆ చోటు వెతికి, 8 నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ పక్కన దూరం చేత్తో రాసుకుంటూ రండి. రెండు దారులూ రాయండి. మీ అంకెలూ, వార్నింగ్‌లో అది చూపించిన అంకెలూ కలవాలి. కలవకపోతే నన్ను పిలవండి, పక్కన కూర్చుని చూద్దాం.